పోపులపెట్టెలో ప్రయోగశాల

ఆడవాళ్ళకి సైన్సు తలకెక్కదని ఎవరైనా అంటే నాకు కోపం రాదు, నవ్వొస్తుంది. అలా అనే మహానుభావులు పొద్దున్న తిన్న ఇడ్లీ ఎవరి సైన్సుతో పొంగిందో, మధ్యాహ్నం అన్నంలో కలుపుకున్న పెరుగు ఎవరి లెక్కతో తోడుకుందో ఏనాడూ ఆలోచించి ఉండరు. పాలు ఎంత గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యాలో, ఎండాకాలం ఎన్ని మజ్జిగ చుక్కలు చాలో, చలికాలం గిన్నెని తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో ఎందుకు దాచాలో, ఇవన్నీ మన అమ్మలకీ అమ్మమ్మలకీ వేలికొసల్లో ఉన్న విద్యలు. పేరు మాత్రం 'వంట' అన్నారు. అదే పని తెల్లకోటు తొడుక్కుని గాజు గొట్టంలో చేస్తే 'ప్రయోగం' అంటారు!

నేను బి.ఏ. చదివినదాన్ని. నా నవలల్లో కథానాయికలు కొందరు డాక్టర్లూ, కొందరు కాలేజీ లెక్చరర్లూ అయ్యారు గానీ, వాళ్ళ వెంట లాబొరేటరీ లోపలిదాకా వెళ్ళే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది. గుమ్మం దగ్గరే వాళ్ళకి కథానాయకుడు ఎదురుపడేట్టు చేసి బయటపడేదాన్ని. అటువంటి నా వంటింట్లోకి సైన్సు దానంతటదే నడిచి వచ్చింది. తీసుకొచ్చింది వేసవి సెలవులు.

మేముండేది పాల్వంచలో. ఒకపక్క కరెంటు తయారయ్యే పొగగొట్టాలు, ఇంకోపక్క కిన్నెరసాని అడవి. బస్సెక్కి గోదావరి బ్రిడ్జి దాటితే భద్రాచలం. ఒకప్పుడు ఇదంతా ఖమ్మం జిల్లా. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. జిల్లా పేరు మారినా ఎండ మాత్రం మారలేదు. మే నెలలో మా ఊరి ఎండ సంగతి రామగుండం వాళ్ళకి తప్ప మరెవరికి చెప్పినా నమ్మరు. పదకొండు దాటితే పిల్లలు గుమ్మం దాటడానికి వీల్లేదు. టీవీ చూసి చూసి, ఫోను కోసం కొట్టుకుని కొట్టుకుని, చివరికి ఇద్దరూ వచ్చి వంటింటి గడప మీద కూలబడతారు. "అమ్మా, ఏం తోచట్లేదే!"

అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి అయిదు. ఇద్దరి సైన్సు పుస్తకాల్లోనూ అక్కడక్కడ 'చేసి చూడండి' అని ఉంటుంది. మన పిల్లలకి ఆ మాట చదివి ప్రశ్న కింద జవాబు రాసెయ్యడం అలవాటు. చెయ్యడమూ లేదు, చూడడమూ లేదు. అంతకుముందు పరీక్షలో మా వాడు 'పాలు పెరుగుగా మారుటకు కారణము లాక్టోబాసిల్లస్ అను బాక్టీరియా' అని రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. సరే, ఈ రాత్రి పెరుగు నువ్వే తోడుపెట్టు నాయనా అంటే తెల్లబోయాడు.

మొదటి ప్రయోగం అదే అయింది. మూడు గిన్నెలు తీసుకున్నాం. మూడింట్లోనూ ఒకే కొలత పాలు, ఒకే చెంచా తోడు. ఒకదాంట్లో ఫ్రిజ్జులోంచి తీసిన చల్లటి పాలు పోసి మళ్ళీ ఫ్రిజ్జులోనే పెట్టాం. రెండోదాంట్లో వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వెచ్చటి పాలు. మూడోదాంట్లో సలసలా కాగుతున్న పాలు. తెల్లారి చూస్తే మొదటిది పాలు పాలుగానే ఉంది. రెండోది గడ్డ పెరుగు. మూడోది విరిగినట్టూ కాదు, తోడుకున్నట్టూ కాదు. చలికి ఆ సూక్ష్మజీవులు బద్ధకంగా పడుకుంటాయి, మరుగుతున్న పాలల్లో చచ్చిపోతాయి, వెచ్చగా ఉంటే వాటికి పండగ. పాలల్లోని చక్కెరని తిని పులుపుగా మారుస్తాయి, ఆ పులుపుకి పాలు గడ్డకడతాయి.

"మూడు గిన్నెలూ ఒకే సైజువి ఎందుకమ్మా? తోడు కూడా కొలిచి వెయ్యాలా?" అన్నాడు మావాడు.

"అన్నీ ఒకలాగే ఉంచి ఒక్కటి మారిస్తేనే కదరా, తేడా దేనివల్ల వచ్చిందో తెలిసేది!" అంది వాళ్ళక్క.

ఆ ఒక్క వాక్యం కోసం మూడు గిన్నెల పాలు ఖర్చయినా నష్టం లేదనిపించింది. ఆ మాట ముందు ముందు ఎంత పని చేస్తుందో అప్పటికి మాకు తెలియదు.

రెండోది పసుపు. తెల్లచొక్కా మీద సాంబారు మరక పడితే, సబ్బు రాయగానే అది ఎర్రగా మారడం మీరందరూ చూసిందే. హారతి పళ్ళెంలో పసుపు నీళ్ళకి చిటికెడు సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి దిష్టి తీయడమూ తెలిసిందే. అదే కిటుకు. పసుపులో కుర్కుమిన్ అనే రంగు పదార్థం ఉంది. పులుపు తగిలినప్పుడు అది పసుపుపచ్చగానే ఉంటుంది. సున్నం, సబ్బు, చాకలి సోడా లాంటి క్షారాలు తగిలితే ఎర్రబడుతుంది. మళ్ళీ నిమ్మరసం పిండితే పసుపు రంగు తిరిగొస్తుంది. తెల్లకాగితానికి పసుపు ముద్ద పట్టించి నీడలో ఆరబెట్టి, సన్నటి పట్టీలుగా కత్తిరించామంటే పరీక్ష కాగితాలు తయార్. కాలేజీలో దుకాణం నుంచి తెప్పించే లిట్మస్‌కి ఇది మన పోపులపెట్టె చెల్లెలన్నమాట.

ఇక పిల్లలు ఇంట్లో ఏ వస్తువునీ వదల్లేదు. చింతపండు రసం, మజ్జిగ, వంట సోడా, అంట్ల సబ్బు, ఆఖరికి వాళ్ళ నాన్నగారి షేవింగ్ క్రీము కూడా! సబ్బు పూసిన పట్టీ ఎర్రబడింది. కుంకుడు రసం పూస్తే మాత్రం మారలేదు. రెండూ నురగ ఇచ్చేవే, రెండూ మురికి వదిలించేవే. మరి ఎందుకు మారలేదు? కుంకుడుకాయలో సబ్బులా క్షారం లేదు, పైపెచ్చు కాస్త పులుపు గుణమే ఉంది. తల అంటుకోవడానికి సబ్బుకంటే కుంకుడే మేలని మా అమ్మమ్మ అనేది. కారణం చెప్పమంటే 'అదంతే' అనేది. కారణం ఆ పసుపు పట్టీ మీద కనిపించింది.

పెరట్లో ఎర్ర మందారం ఉంది. దాని రేకులు నలిపి రసం కాగితానికి పట్టిస్తే ఊదారంగు వచ్చింది. నిమ్మరసం చుక్క పడగానే అది ఎర్రగా భగ్గుమంది. సబ్బునీళ్ళు తగలగానే పచ్చబడింది. ఈ మందారం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన మిరియాల పొడి చల్లాలి. వేలు కుంకుడు రసంలో ముంచి నీళ్ళ నడిమధ్య తాకించాలి. అంతే! తరుముతున్నట్టు మిరియాల పొడి మొత్తం పళ్ళెం అంచులకి పరుగెడుతుంది. నీటి పైభాగం బిగుతుగా లాగి కట్టిన పలచటి పొరలా ప్రవర్తిస్తుంది. కుంకుడు రసం తగిలినచోట ఆ బిగువు సడలుతుంది, చుట్టూ ఉన్న బిగువు పొడిని తనవైపు లాగేసుకుంటుంది. దీన్నే తలతన్యత అంటారని పుస్తకంలో ఉంది.

మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆమె చీపురు పట్టుకునే నిలబడి చూసి, "ఏందమ్మా, మిరియాలు కిలో ఎంతున్నయో తెల్వదా పిల్లలకి? నీళ్ళపాలు చేస్తున్నరు!" అంది. ఆమె వెంట వచ్చిన కూతురు మాత్రం చీపురూ చూడలేదు, వాళ్ళమ్మనీ చూడలేదు. పళ్ళెం ముందు కూర్చుని, "పెద్దమ్మా, నేనొకసారి ఏలు పెడతా" అంది. ఏడో తరగతి పిల్ల. ఆ రోజు నుంచి మా ప్రయోగశాలలో విద్యార్థులు ముగ్గురు.

ఈ తలతన్యత వెనక ఒక ఇల్లాలి కథ ఉంది. మీకు చెప్పకుండా ఉండలేను. ఇల్లాలంటే పెళ్ళయిన ఆవిడ కాదు, ఇల్లు నడిపిన ఆవిడ. పేరు ఆగ్నెస్ పొకెల్స్. 1862లో పుట్టింది. ఉన్నది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లల్ని విశ్వవిద్యాలయంలో చేర్చుకునేవారు కాదు. తమ్ముడు ఫ్రెడరిక్ భౌతికశాస్త్రం చదివాడు, ఆవిడ జబ్బుపడ్డ తల్లిదండ్రులకి సేవ చేస్తూ ఇంట్లో ఉండిపోయింది. తమ్ముడి పుస్తకాలు చదువుకునేది, అంట్లు తోముకునేది. నీళ్ళల్లో సబ్బూ జిడ్డూ పడ్డప్పుడు నీటి పైపొర ఎలా మారుతోందో గమనించింది. గమనించి ఊరుకోలేదు. ఒక రేకు తొట్టె, దాని మీద అటూ ఇటూ జరిగే రేకు పట్టీ, చిన్న త్రాసు, వీటితో ఆ మార్పుని కొలిచింది. దాదాపు పదేళ్ళు! 1891లో ఇంగ్లండులోని లార్డ్ రేలీ అనే పెద్ద శాస్త్రవేత్తకి ఉత్తరం రాసింది. ఆయన పెద్దమనిషి. అది తన పేర వేసుకోకుండా 'నేచర్' పత్రికకి పంపి ఆవిడ పేరుతోనే అచ్చు వేయించాడు. ఆవిడ తొట్టెని మెరుగుపరిచి ముందుకు తీసుకెళ్ళిన లాంగ్‌మ్యూర్‌కి 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆవిడకి గౌరవ డాక్టరేటు ఇచ్చారు. అప్పటికి ఆవిడకి డెబ్బై ఏళ్ళు.

ఆవిడ ముందున్నది మన ముందు రోజూ ఉండేదే, అంట్ల తొట్టి. ఈ కథ చెప్పినప్పుడు ఎక్కువ సేపు మాట్లాడకుండా కూర్చున్నది మా అమ్మాయి కాదు, ఆ ఏడో తరగతి పిల్ల.

వానలు మొదలయ్యాయి. బళ్ళు తెరిచారు. మా ప్రయోగశాల ఆదివారాలకి మారింది. వానాకాలం అనగానే మావైపు అందరి చూపూ గోదావరి మీదే. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది. 2022 జూలైలో 71 దాటింది. వరద వచ్చిన ప్రతిసారీ చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. బావుల్లోనూ వాగుల్లోనూ టీ రంగు నీళ్ళు.

"మరి మీరు ఏం చేస్తారు?" అని అడిగాడు మావాడు సాయం వచ్చే ఆమెని.

"ఏం చేస్తం బాబూ! చిల్లగింజ అరగదీసి కుండల రాస్తం. పొద్దుమూకేసరికి నీళ్ళు తేరుకుంటయి" అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. మర్నాడు కొంగున కట్టుకుని నాలుగు గింజలు తెచ్చింది. గుండ్రంగా, చదునుగా, బొత్తాముల్లా ఉన్నాయి. అడవి చెట్టు గింజలే. కొందరు ఇండుప గింజలంటారు. సుశ్రుత సంహితలో కతకమనే పేరుతో ఉన్నది ఇదే.

ఈసారి ప్రయోగం నడిపించింది ఆమే. మూడు గాజు గ్లాసుల్లో ఒకే బురద నీళ్ళు. ఒకదాంట్లో సానరాయి మీద అరగదీసిన గింజ గంధం. ఒకదాంట్లో పటిక. ఒకటి ఏమీ వెయ్యకుండా ఊరికే. "ఆ మూడోది ఎందుకు?" అని ఆమె అడిగితే, "పోల్చుకోడానికమ్మా, అన్నీ ఒకలాగుంచి ఒక్కటి మార్చాలె" అని కూతురు జవాబిచ్చింది. సాయంత్రానికి పటిక గ్లాసు ముందు తేరుకుంది, చిల్లగింజ గ్లాసు దాని వెనకే వచ్చింది. ఊరికే ఉంచింది ఇంకా బురదగానే ఉంది. నీళ్ళల్లో మట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. గింజలోని పదార్థం వాటిని అతికి గుంపు కట్టిస్తుంది, గుంపు బరువెక్కి అడుక్కి చేరుతుంది. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. నీళ్ళు తేటపడ్డాయంటే మట్టి పోయిందనే గానీ క్రిములు పోయాయని కాదు. కాచుకునే తాగాలి.

ఏ బళ్ళోనూ చదవని మనిషి మా ఇంట్లో ఆ రోజు పాఠం చెప్పింది. మా పిల్లలు ముగ్గురూ నోటు పుస్తకంలో రాసుకున్నారు.

ఆగస్టులో ఆమె నాలుగు రోజులు పనికి రాలేదు. అయిదో రోజు వచ్చి, మొహం పీక్కుపోయి, మెల్లగా చెప్పింది. కొడుక్కి జ్వరం. రోజు విడిచి రోజు చలితో వణికి పోతున్నాడు. ఊళ్ళోకి ఒక మంత్రగాడు వస్తే చూపించారు. అతను పిల్లవాడి తలచుట్టూ నిమ్మకాయ తిప్పి కోశాడు. కాయలోంచి నెత్తురు కారింది! ఎవరో చేతబడి చేశారన్నాడు. వాడ చివర ఒంటరిగా ఉండే ముసలావిడ ఇంటివైపు చెయ్యి చూపించాడు. ఆవిడ ఈమెకి అత్త వరస. నిన్నటిదాకా ఈ పిల్లలకి తలలో పేలు చూసి, ఇప్పపూలు వేయించి పెట్టిన మనిషి. ఇప్పుడు ఆవిడ నీళ్ళకొస్తే బోరింగు దగ్గర అందరూ పక్కకి జరుగుతున్నారట. కుర్రాళ్ళు కొందరు తాగి, ఆవిడ సంగతి తేలుస్తామంటున్నారట.

నా చేతులు చల్లబడ్డాయి. బాణామతి నెపంతో ఆడవాళ్ళని కొట్టిన వార్తలు, చంపిన వార్తలు మన తెలంగాణా జిల్లాల నుంచి పేపర్లో చదివినదాన్నే. అడవి అంచు పల్లెల్ని చూసి నవ్వేవాళ్ళు ఒక్కసారి తమ కారు బంపరుకి వేలాడే నిమ్మకాయలూ మిరపకాయలూ చూసుకోవాలి. భయం అందరిదీ ఒకటే. కాకపోతే దానికి ఖరీదు కట్టేది మాత్రం ఎప్పుడూ దిక్కులేని ఆడదే.

ముందు చెయ్యవలసింది ముందు చేశాం. మావారు స్కూటరు మీద తండ్రినీ పిల్లవాణ్ణీ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మాత్రలు మొదలయ్యాయి. ఇంటి దగ్గర నేనింకా ఆ తల్లికి ఎలా నచ్చచెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. ఆ ఏడో తరగతి పిల్ల పెరట్లోంచి మందారాలు కోసుకొచ్చింది.

"పెద్దమ్మా, వాడి కత్తి మందారం కత్తేమో?"

రేకులు నలిపి కత్తికి పట్టించి ఆరబెట్టింది. ఆరాక చూస్తే నల్లటి ఇనప మరకలా ఉంది, అంతే. నిమ్మకాయ కోసింది. ఎర్రటి రసం కాయ అంచుల వెంట జారింది. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడిపోయింది. పిల్ల కంగారు పడలేదు. కత్తి శుభ్రంగా కడిగి, అదే కాయలో మిగిలిన సగాన్ని మళ్ళీ కోసింది. మామూలు రసమే. "చూడమ్మా. కాయ అదే, నేనే కోసిన, కత్తి ఒక్కటే మారింది" అంది.

ఆ మాట ఏ పుస్తకంలోంచి వచ్చిందో కాదు, మూడు పెరుగు గిన్నెల్లోంచి వచ్చింది.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు సంచీలో అరడజను నిమ్మకాయలు, రెండు కత్తులు పెట్టుకుని వాడకి వెళ్ళారు. పిల్లవాడి జ్వరం దిగిందాకా అందరూ నమ్మలేదు. దిగాక కూడా కొందరు, 'నీది మందారం, ఆయనది మంత్రం' అన్నారట. ఊరంతా ఒక్క రోజులో మారుతుందని నేను నవలల్లో రాస్తానేమో గానీ, ఇక్కడ రాయను. కాని ఆ అత్త ఇప్పుడు మళ్ళీ బోరింగు దగ్గర అందరితో పాటే వరసలో నిలబడి నీళ్ళు పట్టుకుంటోంది. నిమ్మకాయ కొయ్యమని పిల్లలు ఆ అమ్మాయి వెంట పడుతున్నారట.

ఈ నిమ్మకాయ నెత్తుటి గుట్టు బయటపెట్టడం కొత్త సంగతి కాదు. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి ఇలాంటివి చేసి చూపించారు. పిల్లల కోసం 'చెకుముకి' అనే పత్రిక కూడా నడిపారు. చెకుముకి రాయి అంటే తెలుసుగా, రాజేస్తే నిప్పు పుడుతుంది. అగ్గిపెట్టె లేని కాలంలో ఇంటి పొయ్యి వెలిగించినది అదే. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ ఆడవాళ్ళ పొయ్యిని తలుచుకునే పెట్టి ఉంటారని నా నమ్మకం.

అందుకని అమ్మలందరికీ నాదొక మనవి. పిల్లలు వంటింట్లోకి వస్తే 'పొండి అవతలికి' అనకండి. పొయ్యి దగ్గరికి మాత్రం మీరు పక్కనుంటేనే రానివ్వండి. సున్నం కళ్ళల్లో పడితే ప్రమాదం, కాబట్టి ఆ పని మీరే చెయ్యండి. ప్రయోగం చేసినదాన్ని నాలిక మీద వేసుకోవద్దని ముందే చెప్పండి. కొడుకుని సైన్సుకీ, కూతుర్ని గిన్నెలకీ పంచకండి. ఇద్దరికీ రెండూ ఇవ్వండి. 'ఎందుకు?' అని అడిగితే, తెలిస్తే చెప్పండి, తెలియకపోతే 'పద, చేసి చూద్దాం' అనండి. బి.ఏ. చదివినా సరే, ఏమీ చదవకపోయినా సరే, ఆ మాట అనడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇక ఒక్క హెచ్చరిక. ఈ నెల సరుకుల చీటీలో మిరియాలు కాస్త ఎక్కువ రాసుకోండి. ఒక్కసారి పళ్ళెంలో పరుగెత్తడం చూశాక పిల్లలు ఒకటితో ఊరుకోరు. వాళ్ళు బడికెళ్ళాక, తలుపు వేసుకుని మీరూ ఊరుకోరు!